డి-ఎ-డి అంటే స-ప-స: బుజూకి నేర్చుకునే తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

గ్రీసు దేశపు బుజూకి మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు మూడు జతల తీగలనూ లావు వైపు నుంచి సన్నం వైపుకు నెమ్మదిగా మీటి చూశాను. షడ్జం, పంచమం, పై షడ్జం. వీణ మీద మంద్రం, పంచమం, సారణి తీగలు వరుసగా పలికినట్టే పలికాయి. కర్ణాటక సంగీతం కొద్దిగానైనా వింటూ పెరిగినవారికి ఈ వాద్యంలో సగం దారి చెవి ముందే నడిచి ఉంటుందని నాకు ఆ రోజే నమ్మకం కలిగింది. మిగిలిన సగం కుడిచేతిది. వీణ నేర్చినవారు కూడా ఆ సగాన్ని మొదటి నుంచి కట్టుకోవలసిందే. అందుకే ఇక్కడ కుడిచేతికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఏ బుజూకి కొనాలి

పొడవాటి దండి, నిలువునా కోసిన బేరిపండు ఆకారంలో కుండ, దాని మీద చదునైన చెక్క పలక: ఇదీ బుజూకి రూపం. వంచిన సన్నని చెక్క పట్టీలను పక్కపక్కన అతికించి కుండను కడతారు. దండి మీద లోహపు మెట్లు స్థిరంగా ఉంటాయి. దీని పూర్వీకుడు తంబూరాస్ అనే వాద్యం. ఆ పేరు, మన తంబూరా పేరు ఒకే మూలం నుంచి వచ్చినవి. తంబూరాస్ మెట్లు దండికి కట్టినవి, జరుపుకోవచ్చు. గ్రీకు స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సేనాని మక్రియానిస్ వాయించిన తంబూరాస్‌ను ఏథెన్స్‌లోని జాతీయ చారిత్రక మ్యూజియంలో నేటికీ చూడవచ్చు.

బుజూకిలో రెండు రకాలున్నాయి. మూడు జతల తీగలున్నది పాతది, దాని శ్రుతి డి-ఎ-డి. నాలుగు జతలున్నది 1950లలో మనోలిస్ హియోటిస్ వల్ల ప్రచారంలోకి వచ్చింది, దాని శ్రుతి సి-ఎఫ్-ఎ-డి. గిటారు సన్నని వైపు నాలుగు తీగల శ్రుతిని ఒక పూర్తి స్వరం, అంటే రెండు మెట్లు తగ్గిస్తే ఇదే వస్తుంది కాబట్టి గిటారు వచ్చినవారికి నాలుగు జతల వాద్యం త్వరగా చేతికి వస్తుంది. వేగానికి, నిండైన కార్డులకు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులకు, అది అనుకూలం. అయినా తెలుగువారికి నా సలహా మూడు జతలదే. షడ్జ పంచమాలు ఎప్పుడూ పక్కనే మోగుతూ ఉండడం, ఒక్క తీగ మీదనే రాగం మొత్తం పైకీ కిందికీ నడవడం మన చెవికి ఇల్లులాంటి ఏర్పాటు.

కొనేటప్పుడు ఐరిష్ బుజూకితో పొరబడవద్దు. 1960లలో గ్రీకు వాద్యం ఐర్లండ్ చేరి, అక్కడ వెనుక భాగం చదునైన వేరే రూపం తీసుకుంది. దాన్ని సాధారణంగా జి-డి-ఎ-డి శ్రుతిలో వాయిస్తారు. మంచి వాద్యమే, కానీ మన దారి అది కాదు. గోడకు తగిలించుకోవడానికి అమ్మే జ్ఞాపిక బుజూకీలను అసలే ముట్టవద్దు, వాటి మెట్లు స్వరానికి నిలవవు.

వాద్యం చేతిలో ఉంటే ఈ మూడూ చూడండి. దండిని కంటి దగ్గర పెట్టుకుని మేరువు (దండి తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి కుండ వైపు చూస్తే వంకర తెలుస్తుంది. లేశమైన వంపు పరవాలేదు, మెలి ఉంటే వదిలేయండి. తర్వాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి మీటండి, ఎక్కడా గరగరమనకూడదు. మూడోది, పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే వేలికి హాయి, అంతకు మించితే మొదటి నెలలోనే వేళ్లు విసిగిపోతాయి.

మోగే తీగ పొడవు, అంటే మేరువు నుంచి గుర్రం (పలక మీద తీగలు ఆనే ముక్క) దాకా, సాధారణంగా 67 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాదాపు అందులో సగం పొడవుతో బగ్లమాస్ అనే చిట్టి వాద్యం ఉంది. అదే శ్రుతి, ఒక స్థాయి పైన. కోటు కింద దాచుకోగలిగినంత చిన్నది కావడం వల్ల పోలీసుల బెడద ఉన్న రోజుల్లో, జైళ్లలో కూడా అది బతికింది. చేయి బాగా చిన్నదైతే ఈ రెంటికీ మధ్య పరిమాణంలో ఉండే జురాస్‌తో మొదలుపెట్టవచ్చు.

శ్రుతి చేయడం

మన లెక్కలో ఇది రెండు శ్రుతి. లావు జతలో ఒకటి చుట్టు తీగ, అంటే పైన సన్నని లోహపు తీగ చుట్టినది, రెండోది సన్నని తీగ. చుట్టు తీగ కింది డి, సన్నది సరిగ్గా ఒక స్థాయి పైన డి. నడిమి జత రెండూ ఎ. చివరి జత రెండూ పై డి. ఫోనులోని శ్రుతి చూపే యాప్‌లో ఇవి డి3, ఎ3, డి4 అని కనిపిస్తాయి. కొత్తవారు తరచూ తప్పు చేసేది లావు జతలోనే. రెండు తీగలూ ఒకే స్వరమనుకుని చుట్టు తీగను డి4 దాకా బిగిస్తే అది తెగుతుంది. ఆ జతలోని సన్నని తీగ మందం చివరి జత తీగల మందమే, ఎందుకంటే అవి పలకవలసిన స్వరం ఒకటే.

ఒక జతను శ్రుతి చేసేటప్పుడు ఒక తీగను వేలితో ఆపి రెండోదాన్ని మాత్రమే మీటండి. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ స్వరాన్ని చేరండి. పైకి పోయిందనిపిస్తే బాగా వదిలి మళ్లీ రండి, లేకపోతే మర కాసేపటికే జారుతుంది. యాప్ లేకుండా సరిచూసుకోవాలంటే, చుట్టు తీగను ఏడో మెట్టు దగ్గర నొక్కితే నడిమి తీగ స్వరం, నడిమి తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కితే చివరి తీగ స్వరం రావాలి. చివరికి కళ్లు మూసుకుని మూడు జతలనూ కలిపి మీటండి. తంబూరా కలిసినప్పుడు గది నిండినట్టుంటుందే, ఆ అనుభూతి రావాలి. అప్పటిదాకా పాఠం మొదలుపెట్టవద్దు.

గుర్రం పలకకు అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది. అందువల్ల తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి. మొదటిసారి నేను ఆరు తీగలనూ ఒకేసారి తీసేశాను. గుర్రం జారి పక్కకు పోయింది. మళ్లీ దాని చోటు కనుక్కోవడానికి ఒక సాయంత్రం పట్టింది. చోటు కనుక్కునే పద్ధతి ఇది: పన్నెండో మెట్టు పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే సన్నని స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే గుర్రాన్ని మేరువుకు దూరంగా, తక్కువగా ఉంటే దగ్గరగా వెంట్రుకవాసి జరపండి. సరిపోయాక గుర్రం పాదాల చుట్టూ పెన్సిలుతో లేతగా గుర్తు పెట్టుకోండి.

విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉక్కు తీగలు త్వరగా తుప్పుపడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి బట్టతో తుడవాలి. హైదరాబాదు వేసవిలో బెడద పలకకు, ఎండకు చెక్క బీటలు వారుతుంది. పెట్టెలో పెట్టి, కిటికీకీ ఏసీ గాలికీ దూరంగా ఉంచండి.

కూర్చోవడం, పట్టుకోవడం

చేతుల్లేని గట్టి కుర్చీలో అంచుకు కూర్చోండి. కుండ నున్నగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒడిలో జారుతుంది. కుడి తొడ మీద కుండను ఆనించి, కుడి ముంజేతితో దాని అంచును మెల్లగా నొక్కి పట్టాలి. దండి కొద్దిగా పైకి చూడాలి. ఎడమ చెయ్యి దండిని మోయకూడదు. పరీక్ష సులువు: ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసినా వాద్యం కదలకుండా ఉండాలి. కదులుతుంటే తొడ మీద రబ్బరు గుడ్డ ముక్క వేసుకోండి.

కుడి చెయ్యి

వీణ వేళ్లతో మీటుతాం. బుజూకిని చిన్న పలుచని మీటుబిళ్లతో వాయిస్తారు. గ్రీకులు దాన్ని పెన అంటారు, ఒక్కో మీటును పెనియా అంటారు. ఒక వాద్యకారుణ్ణి మెచ్చుకోవాలంటే అతని పెనియా బాగుంటుందంటారు, ఎడమచేతి వేగాన్ని కాదు.

బొటనవేలికీ, చూపుడువేలి పక్క భాగానికీ మధ్య పెనను పట్టుకోండి. మొన మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనిపించాలి. కదలిక మణికట్టుది. మోచేతి నుంచి ఊపితే పది నిమిషాల్లో భుజం పట్టేస్తుంది. మీటే చోటు పలక మీది రంధ్రానికీ గుర్రానికీ మధ్య. గుర్రం వైపు జరిగితే ధ్వని పదునుగా, రంధ్రం వైపు జరిగితే మెత్తగా వస్తుంది.

కష్టమంతా జత తీగల్లోనే ఉంది. కిందికి కొట్టే మీటులో రెండు తీగలూ సహజంగానే మోగుతాయి. పైకి తెచ్చే మీటులో పెన మొదట తగిలిన తీగను మాత్రమే పలికించి తప్పించుకుంటుంది. అప్పుడు ఒక స్వరం నిండుగా, మరుసటిది పీలగా, కుంటినడకలా వినిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చివరి జతలో ఒక తీగను కావాలని కాస్త తగ్గించండి. ఇప్పుడు రెండూ కలిసి మోగితే ధ్వనిలో అలలు అలలుగా కంపం వినిపిస్తుంది. పైకి మీటులు మాత్రమే వేస్తూ వినండి. కంపం లేకుండా శుభ్రంగా వినిపించిందంటే ఒక్క తీగే మోగిందన్నమాట. ప్రతి పైకి మీటులోనూ కంపం వచ్చేదాకా పెన కోణం మార్చి చూసుకుని, తర్వాత శ్రుతి మళ్లీ కలపండి. ఈ అయిదు నిమిషాల పని నాకు ఏ పాఠమూ నేర్పనంత నేర్పింది.

సాధన క్రమం ఇలా పెట్టుకోండి. నిమిషానికి 60 దెబ్బల లయలో, చివరి జతను నొక్కకుండా, దెబ్బకొక కిందికి మీటు, రెండు నిమిషాలు. తర్వాత దెబ్బకు రెండు, కిందికీ పైకీ. తర్వాత దెబ్బకు నాలుగు. అంటే మనం సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడినట్టే. ఏ కాలంలోనైనా దెబ్బ మీద పడే మీటు కిందికే ఉండాలి. రెండు వారాలు రోజూ పావుగంట ఇది చేశాకే ఎడమచేతికి స్వరాలివ్వండి. స్వరం సాగదీయాలంటే కిందికీ పైకీ మీటులను దగ్గర దగ్గరగా, గింజలు రాలినట్టు వేయడమూ ఉంది. దాని తొందర ఇప్పుడు వద్దు. రెండో నెలలో అది దానంతటదే వస్తుంది.

దారులు

గ్రీకు వాద్యకారులు రాగం లాంటిదాన్ని ద్రోమోస్ అంటారు, అంటే దారి. ఈ దారుల పేర్లలో చాలావరకు అరబ్బీ, పారసీ, తుర్కీ మకామ్‌ల, అంటే అక్కడి రాగాల లాంటి వాటి పేర్లే. బుజూకి అనే మాట కూడా తుర్కీ ‘బొజుక్’ నుంచి వచ్చింది. 1922లో ఆసియా మైనర్‌లో గ్రీకు సైన్యం ఓడిపోయాక, 1923 జనమార్పిడి ఒప్పందంతో పది లక్షల మందికి పైగా గ్రీసు చేరారు. పిరియస్ రేవు చుట్టూ వెలిసిన శరణార్థుల వాడల్లో వారి స్వరాలూ స్థానికుల బుజూకీ కలిసి రెబెటికో పాట బలపడింది. ఆ రెబెటికోను యునెస్కో 2017లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు చివరి జతను మాత్రమే వాడుతూ ఈ మెట్ల సంఖ్యలు నొక్కండి. సున్నా అంటే నొక్కకుండా మీటడం.

హిజాజ్కియార్: 0, 1, 4, 5, 7, 8, 11, 12. ఇది మాయామాళవగౌళ స్వరాలే.
హిజాజ్: 0, 1, 4, 5, 7, 8, 10, 12. వకుళాభరణం.
ఉసాక్: 0, 1, 3, 5, 7, 8, 10, 12. తోడి.
నియావెంద్: 0, 2, 3, 6, 7, 8, 11, 12. సింహేంద్రమధ్యమం.
పిరియోటికోస్, పిరియస్ పేరే పెట్టుకున్న దారి: 0, 1, 4, 6, 7, 8, 11, 12. కామవర్ధని.
రాస్ట్: ఎక్కేటప్పుడు 0, 2, 4, 5, 7, 9, 11, 12, అంటే శంకరాభరణం. దిగేటప్పుడు 11 బదులు 10, అంటే కాకలి నిషాదం పోయి కైశికి నిషాదం వస్తుంది.

హిజాజ్కియార్‌తో మొదలుపెట్టండి. మన పిల్లలకు మొదటి పాఠం ఏ రాగంలో చెబుతారో బుజూకి మీద మీ మొదటి దారి కూడా అదే అవుతుంది. దాన్ని తీగలు మారుస్తూ వాయిస్తే ఒక అందం కనబడుతుంది. లావు జత మీద 0, 1, 4, 5 నొక్కితే స రి గ మ. నడిమి జత మీద అవే 0, 1, 4, 5 నొక్కితే ప ద ని స. పూర్వాంగం, ఉత్తరాంగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

ఇక్కడ వేళ్ల సంగతి చెప్పాలి. 67 సెంటీమీటర్ల తీగ మీద మొదటి మెట్టుకూ అయిదో మెట్టుకూ మధ్య దూరం సుమారు 13 సెంటీమీటర్లు. అంత దూరం వేళ్లు చాపి పట్టుకోవాలని చూడవద్దు, చెయ్యే జరగాలి. మొదటి మెట్టు చూపుడువేలితో నొక్కి, చెయ్యి మొత్తాన్ని జరిపి, నాలుగో మెట్టు మళ్లీ చూపుడువేలితోనే, అయిదోది నడిమివేలితో. వేలు మెట్టు మీద కాకుండా దానికి ఆనుకుని మేరువు వైపు పడాలి. బొటనవేలు దండి వెనుక నెమ్మదిగా జారాలి.

స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటే కాదు. తోడి గాంధారాన్ని మనం ఊపినట్టు ఉసాక్‌లో ఊపితే గ్రీకు చెవికి అది ఉసాక్ కాదు. పైగా జత తీగలను పక్కకు లాగితే రెండూ సమానంగా సాగక స్వరం చెదురుతుంది. వీణవారికి ఈ అలవాటు మానడమే పెద్ద కష్టం. బుజూకిలో అలంకారం జారులోనూ, పక్క వేలితో తీగను తట్టి తీయడంలోనూ, మీటుల సాంద్రతలోనూ ఉంది. స్వరాన్ని నిటారుగా నిలబెట్టి దాని పక్కన ఖాళీ ఉంచడం నేర్చుకోండి.

నాలుగూ, తొమ్మిదీ

ముందు హసాపికో. అది కసాయివారి నృత్యంగా పేరుపడిన నాలుగు దెబ్బల నడక. 1964 నాటి ఒక సినిమాకు మికిస్ థియోడొరాకిస్ కూర్చిన, లోకమంతా తెలిసిన గ్రీకు నృత్య సంగీతం ఈ నెమ్మది నడకతోనే మొదలై, క్రమంగా హసాపోసెర్వికో అనే పరుగులో ముగుస్తుంది. దెబ్బ ఒకటికి లావు జత, రెండుకు మిగిలిన రెండు జతలు, మూడుకు లావు, నాలుగుకు మిగిలినవి. ఇంతే.

తర్వాత జెయిబేకికో. ఒక్కరే లేచి, తమ బరువు తామే మోస్తున్నట్టు ఆడే నృత్యం ఇది. చుట్టూ ఉన్నవారు మోకాలి మీద కూర్చుని చప్పట్లు కొడతారు. లెక్క తొమ్మిది, విరుపు 2+2+2+3. పాశ్చాత్య సంగీతం నేర్చినవారు ఇక్కడ తడబడతారు. మనకు దీనికి మాట ఉంది: తకదిమి తకతకిట. సంకీర్ణ నడకకు మృదంగ విద్వాంసులు చెప్పే జతి ఇదే. చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరాన్నీ దింపుతూ చెప్పండి. చేతితో 1, 3, 5, 7 అక్షరాల మీద లావు జత, మిగిలిన వాటి మీద మిగతా జతలు. చివరి ‘తకిట’లో 8, 9 రెండూ తేలికగా పడాలి. అక్కడే నర్తకుడు తిరిగి అడుగు తీసుకుంటాడు. వాద్యం పక్కన పెట్టి నడుస్తూ కూడా ఈ లెక్క పలకండి. నోటికి రానిది చేతికి రాదు. ఇది సాధనకు తేలిక చేసిన రూపం. పాటలు వింటున్నకొద్దీ పాత జెయిబేకికో, కొత్త జెయిబేకికో విరుపుల తేడా మీకే పట్టుబడుతుంది.

పాటకు తోడు వాయించడానికి మొదట నాలుగు కార్డులు చాలు. లావు జత నుంచి సన్న జతకు మెట్ల సంఖ్యలు: డి మేజర్ 0-0-4, డి మైనర్ 0-0-3, జి మేజర్ 5-2-0, ఎ కోసం గాంధారం లేని 2-0-2. జి మేజర్‌కు చిటికెనవేలు చాపాలి, వారం రోజులు నొప్పిగానే ఉంటుంది.

ఎవరిని వినాలంటే ముందు మార్కోస్ వంవకారిస్‌ను. 1905లో సీరోస్ దీవిలో పుట్టి, పిరియస్ రేవులో కూలిపని, కబేళాలో పని చేసిన మనిషి. 1934లో నలుగురు కలిసి కట్టిన పిరియస్ చతుష్టయంలో ఆయన ఒకరు. అలంకారం తక్కువ, పెనియా బరువు ఎక్కువ, మనలాంటి నేర్చుకునేవారికి ప్రతి మీటూ స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత త్రికాలా ఊరి వాసిలిస్ త్సిత్సానిస్‌ను, ఆ తర్వాతే హియోటిస్‌ను వినండి. హియోటిస్ వేగాన్ని మొదటే విన్నవారు చేతిని తొందరపెట్టి పాడుచేసుకుంటారు.

తక్సీమి

పాటకు ముందు లయ లేకుండా, దారిని పరిచయం చేస్తూ ఒక్కడే వాయించే భాగాన్ని తక్సీమి అంటారు. మన ఆలాపనకు తమ్ముడు. కానీ కొలత వేరు. 78 వేగపు గ్రామఫోను రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, కాబట్టి ఆ రికార్డుల్లోని తక్సీమి అర నిమిషంలో చెప్పవలసింది చెప్పి తప్పుకుంటుంది. విస్తరించాలనే మన ఆశను ఇక్కడ అదుపులో పెట్టుకోవాలి.

హిజాజ్‌లో ఒకటి అల్లుదాం. లావు జతను ఒక్కసారి మీటి అది మోగుతుండగా ఊపిరి తీసుకోండి. చివరి జత మీద 0, 1, మళ్లీ 0. రెండోసారి 0, 1, 4 దాకా వెళ్లి, 4 మీద కాసేపు నిలబడి, 1 మీదుగా 0కు జారండి. ఒకటికీ నాలుగుకూ మధ్య ఉన్న ఆ పెద్ద అంగలోనే హిజాజ్ ప్రాణం ఉంది. మూడోసారి 5 తాకి 7 దాకా ఎక్కండి. అక్కడ దగ్గర దగ్గర మీటులతో స్వరాన్ని నిలపండి, మధ్యలో నడిమి జతను కూడా ఒకసారి మీటండి, అదీ పంచమమే కాబట్టి కింద ఆధారంలా మోగుతుంది. 8, 10 చూపించి, 12 అందుకుని వదలండి. ఇక దిగడం: 10, 8, 7, 5, 4, 1, మెట్టు మెట్టుకూ కొంచెం నెమ్మదిస్తూ. ఒకటో మెట్టు మీద చెవి ఇంటికి వెళ్లమని తొందరపెడుతుంది. ఒక్క క్షణం ఆగి, అప్పుడు 0. మూడు జతలూ కలిపి ఒక్క కిందికి మీటు వేసి, ఆ ధ్వని సగానికి తగ్గేదాకా వినండి. తర్వాత లావు జత మీద జెయిబేకికో మొదటి ‘త’ వేసి పాటలోకి వెళ్లండి.